మజతెకుల వెలాద: పుట్టగొడుగు పలికే జాగారం – ఒక పరిశీలన

1. ప్రవేశిక:

మెక్సికో దేశంలోని వహాక రాష్ట్రానికి ఉత్తరపు అంచున మబ్బులు కమ్ముకొని ఉండే కొండల వరుస ఉంది. దానికి సియెర్రా మజతెకా అని పేరు. ఆ కొండల్లో నివసించే మజతెకులు వానాకాలంలో మొలిచే కొన్ని జాతుల పుట్టగొడుగులను రోగ కారణాన్ని తెలుసుకోవడానికి, చికిత్స చేయడానికి వాడతారు. రాత్రివేళ చీకటిలో మొదలై తెల్లవారేదాకా సాగే ఈ క్రతువును స్పానిష్ భాషలో ‘వెలాద’ అంటారు. మేలుకొని ఉండడం అని దాని అర్థం. మన ‘జాగారం’ ఆ మాటకు చక్కగా సరిపోతుంది.

ఈ పుట్టగొడుగుల్లో ఉండే సైలోసిబిన్ అనే రసాయనం మీద 1950ల చివరినుంచి విస్తారమైన సాహిత్యం వెలువడింది. అందులో అధికభాగం పుట్టగొడుగును దృశ్యాలు చూపే పదార్థంగా భావించింది. మజతెక్ వైద్యుల మాటలను గమనిస్తే వేరొక అవగాహన కనిపిస్తుంది. వారి దృష్టిలో పుట్టగొడుగు చూపేదానికన్నా పలికేదే ముఖ్యం. వైద్యుని నోట వచ్చే మాట పుట్టగొడుగు మాట. రోగం నయం కావడానికి ఆ మాటే ఆధారం. ఈ అవగాహనను చరిత్రకారులు, మతప్రచారకులు, సేకర్తలు, శాస్త్రజ్ఞులు ఏవిధంగా తమ తమ భాషల్లోకి మార్చుకున్నారో, ఆ మార్పుకు మూల్యం ఎవరు చెల్లించారో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పరిధి గురించి ఒక మాట చెప్పాలి. ప్రపంచంలోని ఆదివాసులందరూ అనాదిగా పుట్టగొడుగులను ఆరాధించారని చెప్పడం కొందరికి వాడుకైంది. ఆధారాలు అందుకు సహకరించవు. సైలోసిబిన్ పుట్టగొడుగుల విషయంలో పదహారో శతాబ్దినుంచి లిఖిత సాక్ష్యమూ, నేటికీ జీవించి ఉన్న ఆచారమూ రెండూ కలిసి దొరికే ప్రాంతం మెసో అమెరికా. రాతిబొమ్మల్లో, గుహాచిత్రాల్లో పుట్టగొడుగు ఆకారాలను గుర్తించడం ఊహకు దగ్గర, నిర్ధారణకు దూరం. వేదాల్లోని సోమం పుట్టగొడుగేనని గోర్డన్ వాసన్ 1968లో ప్రతిపాదించిన సంగతి సంస్కృత విద్యార్థులకు పరిచితమే. అయితే ఆయన చెప్పిన ఎర్రని ‘అమనీటా మస్కారియా’లో సైలోసిబిన్ ఉండదు. ఆ వాదం మంచిచెడ్డలు వేరే చర్చించవలసినవి.

2. ‘దేవుని మాంసం’ – ఒక అనువాద చరిత్ర:

1521లో అజ్టెక్ రాజధాని స్పానిష్ సేనల వశమైన తరువాత వచ్చిన క్రైస్తవ సన్యాసులు స్థానిక ఆచారాలను నిర్మూలించడానికే వాటిని నమోదు చేశారు. నిర్మూలించదలచిన వారి రాతలే ఇప్పుడు మనకు ముఖ్యమైన ఆధారాలు కావడం ఈ చరిత్రలో తరచుగా ఎదురయ్యే వైచిత్రి.

వీరిలో బెర్నార్దీనో దె సాగూన్ రచన అత్యంత విలువైనది. నావాత్ల్ భాష మాట్లాడే పెద్దల నోటి మాటలను వారి భాషలోనే రాయించి, పక్కన స్పానిష్ వివరణ ఇచ్చిన గ్రంథం అది. అందులో వర్తకుల విందు వర్ణన ఉంది. అతిథులు తెల్లవారకముందే పుట్టగొడుగులను తేనెతో కలిపి తిన్నారు. కొందరు ఆడారు, కొందరు ఏడ్చారు, కొందరు మౌనంగా కూర్చున్నారు. ఒకడు తాను యుద్ధంలో చనిపోతున్నట్లు చూశాడు, మరొకడు మృగం నోట పడినట్లు, ఇంకొకడు ధనవంతుడైనట్లు చూశాడు. మత్తు దిగిన తరువాత అందరూ ఒకచోట చేరి, ఎవరికి ఏమి కనిపించిందో ఒకరికొకరు చెప్పుకున్నారు. వర్ణన ముగిసేది దృశ్యంతో కాదు, ఆ దృశ్యాన్ని మాటల్లో పెట్టుకోవడంతో. ఇది గమనించదగిన విషయం.

ఈ పుట్టగొడుగులకు నావాత్ల్ పేరు ‘తెయోనానాకత్ల్’. మోతోలినీయాగా ప్రసిద్ధుడైన ఫ్రాన్సిస్కన్ సన్యాసి దీనికి ‘దేవుని మాంసం’ అని అర్థం చెప్పారు. ఆ దేవుడు ఆయన దృష్టిలో దయ్యమే. క్రైస్తవులు క్రీస్తు శరీరంగా భావించి రొట్టెను స్వీకరించినట్లే, వీరు తమ క్రూరదైవపు మాంసాన్ని స్వీకరిస్తున్నారని ఆయన ఆరోపణ. అప్పటినుంచి నేటి ప్రజాదరణ పొందిన పుస్తకాలవరకు ‘దేవుని మాంసం’ అనే అర్థమే స్థిరపడింది.

పదనిర్మాణాన్ని పరిశీలిస్తే అర్థం అంత సూటిగా లేదు. ‘నకత్ల్’ అంటే మాంసం. అందులో తొలి అక్షరాన్ని ద్విరుక్తం చేయగా వచ్చిన ‘నానాకత్ల్’ అనేది పుట్టగొడుగుకు సాధారణ నామం. కూరలో వేసుకునే పుట్టగొడుగూ నానాకత్లే. మెత్తదనాన్ని బట్టి మాంసంతో పోలిక పుట్టి ఉండవచ్చు. ‘తెయో’ దైవవాచి, పవిత్రతావాచి. కాబట్టి ‘పవిత్రమైన పుట్టగొడుగు’ అనడమే సహజార్థం. మన భాషలో పుట్టగొడుగు అన్నప్పుడు ఎవరూ పుట్టనూ గొడుగునూ విడివిడిగా తలచుకోరు. పేరును విడగొట్టి వ్యుత్పత్త్యర్థాన్నే వ్యవహారార్థంగా చూపడం మోతోలినీయా చేసిన పని. ఆయన భాషాజ్ఞానం తక్కువై ఇలా జరిగిందని అనుకోలేం. తన మతంలోని సంస్కారానికి వికృతరూపంగా ఈ ఆచారాన్ని చూపడానికి ఆ అర్థం ఆయనకు అనుకూలించింది. అనువాదం అభియోగపత్రంగా మారిన సందర్భమిది.

3. నిషేధం – మరుగు:

1620లో మెక్సికోలోని మతవిచారణ న్యాయస్థానం పెయోటే అనే ముళ్లులేని చిన్న కాక్టస్‌ను, సోది చెప్పడానికి వాడే ఇతర మూలికలను నిషేధించింది. అయినా ఆచారం ఆగలేదు. 1629 నాటికి రూయిజ్ దె అలార్కోన్, 1656 నాటికి హసింతో దె లా సెర్నా రాసిన గ్రంథాలు, శతాబ్దం గడిచినా గ్రామాల్లో ఈ క్రతువులు గుట్టుగా సాగుతూనే ఉన్నాయని ఫిర్యాదు చేస్తాయి. అలార్కోన్ నావాత్ల్ మంత్రాలను అక్షరం పొల్లుపోకుండా నమోదు చేశారు. పాదిరులు వాటిని గుర్తుపట్టి శిక్షించడానికి వీలుగా ఆయన చేసిన సంకలనం, నేడు నావాత్ల్ మౌఖిక సాహిత్యానికి అమూల్యమైన నిధి.

తరువాత దాదాపు రెండున్నర శతాబ్దాలు బయటి ప్రపంచపు రాతల్లో పుట్టగొడుగుల ప్రస్తావన సన్నగిల్లింది. 1915లో విలియం సాఫర్డ్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు అసలు అటువంటి పుట్టగొడుగులే లేవని, ఎండిన పెయోటే ముక్కలను చూసి సన్యాసులు పొరబడ్డారని ప్రకటించారు. సాగూన్‌కు సమాచారమిచ్చిన నావాత్ల్ పెద్దలకు కాక్టస్‌కూ పుట్టగొడుగుకూ తేడా తెలియదని అనుకుంటే తప్ప ఈ వాదం నిలవదు. మెక్సికోలో ఉన్న బ్లాస్ పాబ్లో రేకో దీనిని వ్యతిరేకించారు. 1936లో రాబర్టో వైట్లానెర్ మజతెక్ ప్రాంతంలోని వావుత్ల దె హిమేనెస్ పట్టణంలో నమూనాలు సంపాదించారు. 1938లో ఆయన కూతురు, అల్లుడు మరికొందరితో కలిసి ఒక జాగారాన్ని ప్రత్యక్షంగా చూశారు. మరుసటి సంవత్సరం రిచర్డ్ ఎవాన్స్ షుల్టెస్ వ్యాసంతో సాఫర్డ్ వాదం వీగిపోయింది. బయటివారు మరచినంత మాత్రాన ఆచారం మరుగున పడినట్లు కాదు. మజతెకులకు అది ఏనాడూ మరుగున లేదు.

ఈ దశలోని సాక్ష్యాల్లో యూనిస్ పైక్ రాసిన ఉత్తరం ప్రత్యేకమైనది. బైబిల్‌ను మజతెక్ భాషలోకి అనువదించడానికి వావుత్లలో నివసించిన భాషాశాస్త్రవేత్త ఆమె. 1953లో వాసన్‌కు రాసిన ఆ ఉత్తరంలో ఆమె తన అయిష్టాన్ని దాచుకోకుండానే మజతెకుల వివరణను నిజాయితీగా నమోదు చేశారు. తాము పేదవాళ్లమని, వైద్యులూ మందులూ తమకు అందుబాటులో లేవని, అందుకే క్రీస్తు తమకు పుట్టగొడుగును ఇచ్చాడని అక్కడివారు ఆమెతో అన్నారు. 1959లో ఫ్లోరెన్స్ కవన్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఆమె తమ పనికి ఎదురైన అడ్డంకిని చర్చించారు. పుట్టగొడుగు ద్వారా దేవుడు తమ భాషలో నేరుగా మాట్లాడతాడని నమ్మేవారికి గ్రంథం ద్వారా వచ్చే సందేశాన్ని ఒప్పించడమెలా? మాట ఎవరిది అన్న ప్రశ్నే మజతెకులకు కీలకమని, వారి ఆచారాన్ని తప్పుపట్టిన మిషనరీలే అందరికన్నా ముందు గ్రహించారు.

4. జాగారం జరిగే తీరు:

మజతెక్ భాషలో పుట్టగొడుగును గౌరవంగా, ముద్దుగా పిలుస్తారు. ఆ పేరుకు ‘మొలుచుకొచ్చే చిన్నవాడు’ అని స్థూలంగా అర్థం చెప్పవచ్చు. విత్తనం లేకుండా, ఎవరూ నాటకుండా, గాలిలాగా ఎక్కడినుంచో వచ్చేది కాబట్టి ఆ పేరు. స్పానిష్‌లో ‘పవిత్ర శిశువులు’ అంటారు. వైద్యుణ్ణి ‘ఛోతా ఛినే’, అంటే ‘తెలిసిన మనిషి’ అంటారు. స్త్రీలూ పురుషులూ ఇద్దరూ ఈ స్థానాన్ని పొందవచ్చు.

క్రతువుకు ముందూ తరువాతా నాలుగేసి రోజులు బ్రహ్మచర్యం పాటించాలి. పగటిపూట తినకూడదు. పుట్టగొడుగులను కోపాల్ ధూపం మీద చూపి, జతలు జతలుగా పంచుతారు. వైద్యురాలు తప్పనిసరిగా తింటారు. రోగి తినవచ్చు, తినకపోవచ్చు. తరువాత దీపాలు ఆర్పేస్తారు. పూజాపీఠం మీద కతోలిక్ సాధువుల పటాలు ఉంటాయి. ప్రార్థనలో క్రీస్తు, మేరీమాత, కొండల అధిదేవతలు ఒకే వరుసలో వస్తారు. ఇందులో ఏది ప్రాచీనం, ఏది క్రైస్తవం అని వేరుచేయడానికి పరిశోధకులు పడిన శ్రమ మజతెకులకు అక్కరలేనిది.

ఎందుకు జాగారం చేస్తారన్నది ముఖ్యం. నయం కాని జబ్బు, దారి తెలియని కష్టం, దూరాన ఉన్న కుటుంబసభ్యుని క్షేమం, పోయిన వస్తువు వంటివి కారణాలు. కారణం లేకుండా జాగారం ఉండదు.

5. ‘త్సో’ అనే క్రియ:

మరీయా సబీనా (1894–1985) పేరు లేకుండా ఈ చర్చ పూర్తికాదు. వావుత్ల సమీపంలో పుట్టి పెరిగిన ఆమెకు చదవడం రాయడం తెలియదు. మజతెక్ తప్ప వేరే భాష రాదు. ఆమె గానాన్ని విన్న పరిశోధకులందరూ ఒక లక్షణాన్ని గుర్తించారు. ఆమె పలుకుల్లో చాలా వాక్యాలు ‘త్సో’ అనే క్రియతో ముగుస్తాయి. ‘చెబుతోంది’ అని దాని అర్థం. చెప్పేది పుట్టగొడుగు. తన గురించి ఉత్తమపురుషలో ‘నేను ఇటువంటి స్త్రీని’ అని వరుసగా చెప్పుకుంటూపోయే వాక్యాల చివర కూడా ఈ క్రియ వస్తుంది. ఆ ‘నేను’ ఎవరన్నది ఒక్క అక్షరంతో మారిపోతుంది. హెన్రీ మన్ 1973లో ప్రచురించిన ‘ద మష్రూమ్స్ ఆఫ్ లాంగ్వేజ్’ అనే వ్యాసం ఈ విషయాన్ని లోతుగా చర్చించింది.

తెలుగు చదువరికి ఇక్కడ ‘అట’ గుర్తుకు రావడం సహజం. ‘వానలు పడతాయి’ అన్నదానికీ ‘వానలు పడతాయట’ అన్నదానికీ తేడా మనకు తెలుసు. పోలిక ఉన్నా ప్రయోజనం భిన్నం. ‘అట’ చేర్చినప్పుడు వక్త తన బాధ్యతను తగ్గించుకుంటాడు, విన్న మాటను విన్నట్లు అప్పజెబుతాడు. ‘త్సో’ చేరినప్పుడు మాటకు అధికారం పెరుగుతుంది, వక్తకన్నా పెద్దది మాట్లాడుతున్నదని అది ప్రకటిస్తుంది. దేవత ‘పలుకుతుంది’ అని మన పల్లెల్లో వాడే అర్థం దీనికి ఎక్కువ సన్నిహితం. అయితే పూనకంతో దీనిని కలపకూడదు. మరీయా సబీనా ఆ రాత్రంతా ఎరుకతో ఉంటారు, రోగిని ప్రశ్నిస్తారు, మధ్యలో మామూలు మాటలూ మాట్లాడతారు, తెల్లవారాక జరిగినదంతా ఆమెకు గుర్తుంటుంది.

మజతెక్ స్వరభేదాలతో అర్థం మారే భాష. ఆ స్వరాలను మాత్రమే ఈలగా వేసి, కొండకూ కొండకూ మధ్య సంభాషించే అలవాటు మజతెక్ పురుషుల్లో ఉందని జార్జ్ కవన్ 1948లోనే వివరించారు. ఇటువంటి భాషలో రాగం మాటకు అలంకారం మాత్రమే అని చెప్పడం కష్టం. మరీయా సబీనా చప్పట్లు కొడుతూ, మోకాలిపై చరుస్తూ సాగించే గానాన్ని అక్షరాల్లోకి దించినప్పుడు ఎంత జారిపోతుందో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఆమె విద్య ఎలా వచ్చిందో అల్వారో ఎస్ట్రాదాకు చెప్పారు. ఎస్ట్రాదా వావుత్లకే చెందిన మజతెక్. ఆమెతో మాతృభాషలో సంభాషించి, స్పానిష్‌లోకి అనువదించి 1977లో ఆమె జీవితకథను ప్రచురించారు. చెల్లెలు జబ్బుపడినప్పుడు పుట్టగొడుగులు తిన్న ఆమెకు ఒక బల్ల చుట్టూ కూర్చున్న పెద్దలు దర్శనమిచ్చారు. బల్ల మీద ఒక పుస్తకం తెరుచుకుంది. అది మనిషంత పెరిగింది. అక్షరం రాని ఆమె దానిని చదివారు. తరువాత పుస్తకం మాయమైనా అందులోని భాష ఆమెలో నిలిచింది. ఈ దర్శనాన్ని రెండు విధాలుగా చూడవచ్చు. పాదిరీ చేతిలోని గ్రంథం, ప్రభుత్వ కచేరీలోని కాగితం అధికారచిహ్నాలైన సమాజంలో, ఆ అధికారాన్ని అక్షరం రాని స్త్రీ తనదిగా చేసుకున్న తీరు ఇది. మరొక దృష్టిలో, అక్షరాస్యతకు ముందున్న మౌఖికతను ‘లోటు’గా చూసే మన అలవాటుకు ఇది సూటి సమాధానం. నాకు మొదటిది చరిత్రకు, రెండవది ఆమె చెప్పిన మాటకు దగ్గరగా తోస్తుంది.

6. 1955 తరువాత:

గోర్డన్ వాసన్ న్యూయార్క్‌లో జె.పి. మోర్గన్ బ్యాంకు ఉపాధ్యక్షులు. ఆయన భార్య వాలెంటీనా పావ్లొవ్నా రష్యాలో పుట్టిన పిల్లల వైద్యురాలు. 1953లో వావుత్లకు వచ్చి, దూరాన ఉన్న కొడుకు క్షేమం తెలుసుకోవాలన్న మిషతో ఆయన ఒక జాగారం చేయించుకున్నారు. కారణం లేని జాగారం ఉండదు కాబట్టి కారణాన్ని కల్పించుకోవలసివచ్చింది. 1955 జూన్ 29 రాత్రి మరీయా సబీనా ఇచ్చిన పుట్టగొడుగులను ఆయన, ఫొటోగ్రాఫర్ అలన్ రిచర్డ్‌సన్ తిన్నారు. స్థానిక మునిసిపల్ అధికారి అడిగాడు కాబట్టి ఆమె కాదనలేకపోయారు. వాసన్‌కు ముందు, దేవుణ్ణి చూడాలన్న కోరిక ఒక్కటే కారణంగా ఎవరూ పుట్టగొడుగులు తినేవారు కారని, రోగం నయం కావడానికే తినేవారని ఆమె తరువాత ఎస్ట్రాదాకు చెప్పారు. వాసన్ వెంట వచ్చిన ప్రపంచం మొత్తం మీద ఆమె చేసిన విమర్శ ఆ మాటలోనే ఉంది.

1957 మే 13 నాటి ‘లైఫ్’ పత్రికలో వాసన్ వ్యాసం వెలువడింది. అందులో ఆమె పేరును, జాతి పేరును మార్చి రాశారు. ఆ జాగ్రత్త ఎక్కువకాలం నిలవలేదు. అదే సంవత్సరం వాసన్ దంపతుల పెద్ద గ్రంథం అసలు వివరాలతో వచ్చింది, జాగారపు ధ్వనిముద్రణ గ్రామఫోను రికార్డుగా విడుదలైంది. 1956 నాటి యాత్రలో పాల్గొన్న ఒక రసాయనశాస్త్రజ్ఞుడికి అమెరికా గూఢచారి సంస్థ రహస్యంగా నిధులిచ్చిందన్న సంగతి చాలాకాలం తరువాత బయటపడింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు రొజే ఎయిమ్ పుట్టగొడుగుల జాతులను గుర్తించి పారిస్‌లో పెంచారు. 1958లో స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ సంస్థలో ఆల్బర్ట్ హోఫ్‌మన్ వాటినుంచి సైలోసిబిన్‌ను వేరుచేశారు.

1962లో హోఫ్‌మన్ వావుత్లకు వచ్చి మరీయా సబీనాకు సైలోసిబిన్ మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రల్లో కూడా పుట్టగొడుగు శక్తే ఉందని, పుట్టగొడుగులు దొరకని కాలంలో ఇవి పనికివస్తాయని ఆమె అన్నట్లు ఆయన రాశారు. ప్రకృతి పవిత్రం, ప్రయోగశాల అపవిత్రం అన్న సులువైన విభజనను ఆమెకు అంటగట్టేవారు ఈ సంఘటనను దాటవేస్తారు. ఆమెకు అభ్యంతరం పదార్థం మీద కాదు, ప్రయోజనం మీద.

1960ల చివర వందలాది యువకులు వావుత్లకు వచ్చారు. కారణం లేకుండా, పట్టపగలు, ఎక్కడబడితే అక్కడ పుట్టగొడుగులు తిన్నారు. సైన్యం వచ్చి దారులు మూసింది. మరీయా సబీనా కొంతకాలం నిర్బంధానికి గురయ్యారు, ఆమె ఇల్లు దగ్ధమైంది. విదేశీయులు వచ్చిన తరువాత పవిత్ర శిశువుల బలం తగ్గిపోయిందని, దానికి మందు లేదని ఆమె ఎస్ట్రాదాతో అన్నారు. అదే గ్రంథంలో మరొక మజతెక్ జ్ఞాని ఇంకా కచ్చితంగా చెప్పాడు: పుట్టగొడుగు ఇప్పుడు ఇంగ్లీషు మాట్లాడుతోందట. దీనిని చమత్కారంగా కొట్టివేయలేం. వైద్యం మాటలో ఉన్నప్పుడు, మాట పరభాష అయితే వైద్యుడు దానిని వినలేడు, రోగికి చెప్పలేడు.

ఈ సందర్భంలో 1958 జూలైలో జరిగిన జాగారపు ధ్వనిముద్రణను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మజతెక్ మూలం, స్పానిష్, ఇంగ్లీషు అనువాదాలు, సంగీత లిపి సహితంగా 1974లో అది గ్రంథమైంది. మౌఖిక సాహిత్య సంపాదకత్వానికి అంతటి సమగ్రమైన ఉదాహరణలు అరుదు. ఆ రాత్రి జాగారం తీవ్రంగా జబ్బుపడిన ఒక యువకుని కోసం జరిగింది. అతడు బతకడని పుట్టగొడుగులు చెప్పాయి. ఆ మాట విన్న యువకుడు కుప్పకూలడం, చుట్టూ ఉన్నవారి ఆందోళన టేపులో నమోదయ్యాయి. కొద్దికాలానికే అతడు మరణించాడు. మరీయా సబీనా గానాన్ని కవిత్వంగా స్వీకరించి ప్రభావితులైన అమెరికా కవులున్నారు. ఆన్ వాల్డ్‌మన్ 1975 నాటి ‘ఫాస్ట్ స్పీకింగ్ ఉమన్’ అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ‘త్సో’ గురించి ఈ వ్యాసంలో చెప్పగలిగినది కూడా ఆ టేపుల పుణ్యమే. ఒక కుటుంబపు అత్యంత దుఃఖకరమైన రాత్రి మనకు పాఠ్యంగా అందింది. దానిని పనితీరు, ఛందస్సు, పునరుక్తి అనే శీర్షికల కింద విశ్లేషించేటప్పుడు, అది ఎవరికోసం పలికిన మాటో ఆ విశ్లేషణలో చోటు చేసుకోవాలి. చావుపాటలు, దిష్టిమంత్రాలు, సోదిపలుకులు సేకరించే మన విద్యార్థుల క్షేత్రపర్యటన ప్రశ్నావళుల్లో కూడా ‘ఇది ఎవరికోసం, ఏ అవసరానికి పలికినది? బయటివారు వినవచ్చునా?’ అనే గళ్లు ఉండాలని నా అభిప్రాయం.

7. చట్టం, చికిత్సాలయం:

2006లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు అధ్యయనం వెలువడిన తరువాత సైలోసిబిన్ వైద్యపరిశోధనలు ఊపందుకున్నాయి. ఆ పరీక్షల్లో రోగి కళ్లకు గంతలు కట్టుకొని, ముందే ఎంపిక చేసిన సంగీతం వింటూ పడుకుంటాడు. పక్కనున్న నిపుణులు మందు తీసుకోరు, వీలైనంత తక్కువగా మాట్లాడతారు. జాగారంలో అంతా తలకిందులు. అక్కడ తినవలసింది వైద్యురాలు, మాట్లాడవలసిందీ ఆమే. రెండింటికీ రసాయనం ఒకటే అయినా రెండూ ఒకే చికిత్స కావు. మొదటిదానికి రెండవది ‘ప్రాచీన రూపం’ అని రాయడం చరిత్రను సౌకర్యంగా మలచుకోవడమే.

సైకోట్రాపిక్ పదార్థాలపై 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక సైలోసిబిన్‌ను అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా దానిని నిషిద్ధ జాబితాలో ఉంచింది. అయితే ఒడంబడికలోని 32వ అధికరణం ఒక మినహాయింపుకు చోటిచ్చింది. తమ భూభాగంలో సహజంగా పెరిగే మొక్కలను స్పష్టంగా గుర్తించదగిన చిన్న సమూహాలు సంప్రదాయంగా మాంత్రిక, మత క్రతువుల్లో వాడుతున్నట్లయితే, ఆ మేరకు దేశాలు తమ షరతును నమోదు చేసుకోవచ్చు. మెక్సికో ఆ షరతు పెట్టింది. ఒడంబడిక భాషలో పుట్టగొడుగు ‘మొక్క’ల్లోకే వచ్చింది, జాగారం ‘మాంత్రిక క్రతువు’ అయింది. మజతెకులు వైద్యం అనుకున్నదానికి అందులో ఆ పేరు దక్కలేదు.